పసుపు చుక్కలు, తెల్ల చుక్కలు

2024 వేసవి మొదట్లో మా చెల్లెలి కూతురు హైస్కూలు చదువు పూర్తిచేసిన సందర్భంగా చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ షికాగో శివార్లకు వెళ్ళాను. చెల్లెలి ఇల్లు ఉన్నది ఒకప్పటి మొక్కజొన్న పొలాల్లో వెలిసిన కాలనీలో కాబట్టి అక్కడ పగలంతా నిశ్శబ్దమే. మర్నాడు పాత నేపర్‌విల్ వైపు, పెద్ద పెద్ద ఓక్ చెట్లున్న వీధిలోకి మళ్ళగానే, అద్దాలు మూసి ఉన్నా కారు లోపలికి ఒక హోరు వచ్చింది. ఇంజనులో ఏదో చెడిందనుకుని మరిది కారును రోడ్డు పక్కన ఆపాడు. నేను అద్దం దించి విన్నాను. పదిహేడేళ్ళు నేలలో ఉండి ఒక్కసారిగా పైకి వచ్చే సికాడా పురుగుల హోరు అది. అంతకుముందు అవి వచ్చిన 2007లో నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను.

చెట్ల వేళ్ళను పట్టుకుని, వాటి రసం పీల్చుకుంటూ ఆ పురుగులు పెరుగుతాయని, అందుకే దున్నిన పొలాల మీద కట్టిన కాలనీల్లో అవి ఉండవని, ముసలి చెట్లున్న చోటనే వినిపిస్తాయని అప్పట్లో నాకు చెప్పినవారు మాస్టారు. చెల్లెలి ఇంటికి తిరిగి వచ్చాక కూడా ఆ హోరు చెవుల్లోంచి పోలేదు. ఆయనతోనూ, ఆయన భార్య పిన్నిగారితోనూ కలిసి తిరిగిన దారులు ఒక్కొక్కటిగా గుర్తుకు రాసాగాయి.

*

భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వెళ్ళిన ఆడవాళ్ళకు ఆ రోజుల్లో అమెరికాలో పనిచేసే హక్కు ఉండేది కాదు. వారిలో కొందరికైనా ఆ వీలు కలిగింది 2015లో. అప్పటికి నేను తిరిగి వచ్చేసి ఎన్నో ఏళ్ళయింది. హైదరాబాదులో ఉద్యోగం మానుకుని వెళ్ళినదాన్ని కావడంతో, మా వారు ఆఫీసుకు బయలుదేరిన క్షణం నుంచి సాయంత్రం దాకా గడియారం ముల్లు కదిలేది కాదు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చాక ఒక పాత కరోలా కొనుక్కున్నాం గానీ, దాన్ని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. కిరాణా కొట్టు, గ్రంథాలయం, వారానికోసారి అరోరా బాలాజీ గుడి, అంతే.

మా అపార్ట్‌మెంట్లలోనే పక్క బ్లాకులో మా వారి సహోద్యోగి ఒకతను ఉండేవాడు. అతని తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండటానికని గుంటూరు జిల్లా నుంచి వచ్చారు. తండ్రి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన్ను అందరూ మాస్టారనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కొడుకు, కోడలు ఉద్యోగాలకు, మనవడు బడికి వెళ్ళాక ఆ దంపతులకు మిగిలేది టీవీ, బాల్కనీ, పార్కింగు స్థలం. అలా వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఆ ఆరు నెలలనూ తిరుగు టికెట్టు తేదీ చూసుకుంటూ గడుపుతారు. మాస్టారు మాత్రం వచ్చిన వారంలోనే పార్కింగు చుట్టూ ఉన్న చెట్లన్నిటినీ గుర్తుపట్టి, వాటి జాబితాను మనవడి నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నారు. ఒక ఉదయం మెట్ల దగ్గర కనబడి, “అమ్మాయ్, నీకు కారు నడపడం వచ్చటగా. ఇక్కడ నాటిన చెట్లు చూడటం అయిపోయింది. వాటంతట అవి మొలిచిన చెట్లు ఎక్కడున్నాయో కాస్త చూపించమ్మా” అన్నారు.

*

మ్యాప్‌క్వెస్ట్ నుంచి ముద్రించుకున్న కాగితాలను పిన్నిగారు వెనక సీట్లో కూర్చుని చదివి వినిపిస్తుండగా, అంతర్‌రాష్ట్ర రహదారి 80 మీద పడమరగా వెళ్ళాం. ఫోనులో దారి చెప్పే గొంతులు అప్పటికింకా మా చేతుల్లోకి రాలేదు. ఒక మలుపు తప్పితే కాగితం మీద రాసినదంతా ఒక్కసారిగా పనికిరాకుండా పోయేది, మళ్ళీ ఏదో ఒక పెట్రోలు బంకులో ఆగి అడగవలసిందే. గంటకు పైగా రెండువైపులా చదునైన పొలాలే కనిపించాయి. మొక్కజొన్న, సోయా తప్ప మరేమీ వేయని ఆ నేలను చూసి, ఇక్కడ అడవి ఎక్కడినుంచి వస్తుందని మాస్టారు సందేహించారు. యూటికా అనే చిన్న ఊరు దాటి ఇల్లినాయ్ నది వంతెన ఎక్కాక గానీ నేల లోపలికి దిగిపోవడం, దాని అంచుల మీద చెట్లు కమ్ముకోవడం కనబడలేదు.

అది స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్కు. 1911లో రాష్ట్ర ప్రభుత్వం కొన్నది. ప్రవేశ రుసుము లేదని తెలిసి మాస్టారు కాసేపు నమ్మలేదు, టికెట్టు కౌంటరు కోసం అటూ ఇటూ వెతికారు. సందర్శకుల కేంద్రంలో కాగితం మ్యాపు ఇచ్చి, అక్కడి ఉద్యోగిని ఒక మాట చెప్పింది: చెట్ల మీద పసుపు చుక్కలు కనబడుతుంటే మీరు ఇక్కడినుంచి దూరంగా వెళుతున్నట్టు, తెల్ల చుక్కలు కనబడుతుంటే తిరిగి వస్తున్నట్టు. ఆ ఏర్పాటు మాస్టారికి ఎంతో నచ్చింది. తరువాత ఎప్పుడు నడిచినా ఆయన ముందు వెళుతూ “పసుపే, పసుపే” అని చెబుతుండేవారు.

పార్కుకు ఆ పేరు తెచ్చిన ఇసుకరాతి గుట్ట నది ఒడ్డున నూట పాతిక అడుగుల ఎత్తున నిటారుగా లేచి ఉంటుంది. ఫ్రెంచి వాడైన లా సాల్ 1682-83 చలికాలంలో దాని మీద కోట కట్టించాడు. నదికి ఆవలి ఒడ్డున అప్పటికే ఇల్లినాయ్ తెగలవారి పెద్ద ఊరు ఉండేది. 1769లో పాంటియాక్ అనే నాయకుడి హత్యకు ప్రతీకారంగా శత్రువులు తరిమితే ఆ తెగవారు కొందరు ఈ గుట్ట ఎక్కారని, కింద ముట్టడి వేయడంతో తిండీ నీళ్ళూ లేక అక్కడే చనిపోయారని కథ. చరిత్రకారులు దాన్ని జనశ్రుతిగానే చూస్తారు. బోర్డు మీద ఇదంతా చదివి వినిపించాక పిన్నిగారు గుట్టపైకి రానన్నారు. నిజమో అబద్ధమో, ఆకలితో మనుషులు చచ్చారని చెప్పుకునే చోట తాను పులిహోర విప్పలేనన్నారు. ఆ తరువాత కూడా ఆవిడ ఆ గుట్ట ఎక్కలేదు.

*

మోకాళ్ళ నొప్పుల వల్ల పిన్నిగారు లోయల్లోకి కూడా దిగేవారు కారు. పార్కు లాడ్జిలో పెద్ద రాతి పొయ్యి ఉన్న హాలో, ఎండ బాగుంటే దాని వరండానో ఆవిడ స్థానం. అక్కడ కూర్చుని రామకోటి రాసేవారు. మేము తిరిగి వచ్చేసరికి ఎన్ని పేజీలయ్యాయో చెప్పి, మీరెంత దూరం నడిచారని అడిగేవారు. ఆ లాడ్జిని దుంగలతో, రాళ్ళతో కట్టింది 1930ల ఆర్థిక మాంద్యంలో పని దొరకని కుర్రవాళ్ళు. వాళ్ళకు పని కల్పించడానికే ప్రభుత్వం సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అనే దళాన్ని పెట్టి, దేశమంతటా పార్కుల్లో దారులూ మెట్లూ వసతి గృహాలూ కట్టించింది. పని చేయడానికి వీల్లేని వీసా మీద ఉన్న నేను ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడు ఆ కుర్రవాళ్ళ గురించి ఆలోచించకుండా ఉండలేకపోయేదాన్ని.

లోయలు మొత్తం పద్దెనిమిది. వాటి గోడలన్నీ నలభై కోట్ల ఏళ్ళకు పూర్వం అక్కడున్న సముద్రపు ఇసుక గట్టిపడగా ఏర్పడిన రాయి. ఆ రాయి ఎంత మెత్తనిదంటే వేలితో గట్టిగా రుద్దితే ఇసుక రాలుతుంది. మంచుయుగం చివర కరిగిన మంచునీళ్ళ వరదలు ఆ రాతిని కోసుకుంటూ పోయాయి. మండు వేసవిలో వెళ్ళినవారు లోయ చివర తడి గోడ తప్ప ఏమీ చూడలేక, ఇంతదూరం వచ్చి జలపాతం లేదని విసుక్కుంటారు. మంచు కరిగే వసంతంలో, లేదా పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళితే అదే గోడ మీదుగా నీళ్ళు దూకుతాయి. లా సాల్ లోయలోనైతే ఆ నీటి తెర వెనక నుంచే దారి వెళుతుంది. తెర వెనక నిలబడి మాట్లాడితే ఎదుటివారి పెదవులు కదలడం తప్ప ఏమీ వినిపించదు. అక్కడి తడి రాతి వాసన, నాచు వాసన, కుళ్ళుతున్న ఆకుల వాసన కలిసి ఒక్కటిగా ఉండేవి.

మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. కొత్త చోటికి వెళదామంటే ఆయన తలూపరు. “మొన్న చూసిన చోటుకే పోదాం పద. మొన్న ఉన్నదేదో ఇవాళ ఉండదు” అనేవారు. మా తెలుగు కుటుంబాల్లో అప్పుడు సెలవులంటే నయాగరా, ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ అని జాబితా రాసుకుని ఒక్కొక్కటీ కొట్టివేసుకోవడం. ఒకసారి చూసిన చోటుకు మళ్ళీ వెళ్ళడమంటే పెట్రోలు వృథా అని నవ్వేవారు. నేనూ మొదట్లో లోలోపల అలాగే అనుకున్నాను.

*

ఏప్రిలులో చెట్లకు ఇంకా ఆకు రాకముందే నేల పూస్తుంది. చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోపల దొరికే నాలుగు వారాల ఎండలోనే ఆ చిన్న మొక్కలు పూసి, కాసి, విత్తనం రాల్చి, మే చివరకు మళ్ళీ నేలలోకి వెళ్ళిపోతాయి. ఇల్లినాయ్ లోయలో బ్లూబెల్ పూలు మొగ్గగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండి, విచ్చాక నీలమవుతాయి. బ్లడ్‌రూట్ అనే తెల్ల పూల మొక్క వేరును గిచ్చితే ఎర్రని రసం వస్తుంది. ఇది మాస్టారు చెప్పగా విన్నదే, అక్కడ ఏ మొక్కనూ ముట్టుకోనిచ్చేవారు కాదు ఆయన.

పేరు తెలియని మొక్క కనబడితే మాస్టారు ముందు దాని కుటుంబం ఏదో తేల్చేవారు. చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూసి, “ఇది మనవాళ్ళమ్మాయే” అనేవారు, ఎవరో దూరపు చుట్టాన్ని పరదేశపు బజారులో గుర్తుపట్టినట్టు. జాక్-ఇన్-ద-పల్పిట్ అనే మొక్క పువ్వుకు పైన చారల గొడుగు ఒకటి వంగి ఉంటుంది. అది కంద, చేమల కుటుంబం. దాని దుంపలో కూడా కందలో ఉన్న సన్నని సూదుల్లాంటి స్ఫటికాలే ఉంటాయని, పచ్చిది నోట్లో పెట్టుకుంటే గొంతు పట్టేస్తుందని చెప్పి, పిన్నిగారితో కలిసి చింతపండు వేసి కంద వండిన ఒకానొక రోజు గురించి మొదలుపెట్టారు. ఆ కథ లాడ్జి చేరేదాకా సాగింది.

అన్నిటికంటే నాకు గుర్తున్నది పాయిజన్ ఐవీ. దారి పక్కన ప్రతిచోటా ఉంటుంది: నేల మీద, చెట్టు మీదికి తీగగా, మూడేసి ఆకులతో. తగిలితే ఒళ్ళంతా పొక్కులు వచ్చి వారాల తరబడి బాధపెడుతుందని బోర్డులు హెచ్చరిస్తుంటాయి. మాస్టారు దానికి రెండడుగుల దూరంలో నిలబడి, “ఇది మామిడి, జీడిమామిడి కుటుంబం. మన నల్లజీడి కూడా ఇందులోదే” అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చాకలి నల్లజీడి గింజల రసంతో బట్టల అంచున ఇంటింటికీ ఒక గుర్తు పెట్టేవాడట. ఆ గుర్తు బట్ట చిరిగినా పోయేది కాదట. వాళ్ళింటి గుర్తు రెండు చుక్కలు, ఒక గీత. కుర్రతనంలో ఆ గింజను చిదిమి మోచేతికి పూసుకుంటే పడిన మచ్చ ఆయనకింకా ఉంది. చొక్కా చేయి మడిచి చూపించారు. గుంటూరు జిల్లా పల్లెలో పడిన మచ్చను ఇల్లినాయ్ అడవిలో దాని చుట్టం పక్కన నిలబడి చూడటం నాకు వింతగా అనిపించింది.

*

జులైలో లోయల్లో దోమలు నిలవనివ్వవు. అడవి దారుల్లో నడిచి వస్తే ఇంటికి చేరగానే కాళ్ళూ మెడలూ వెతుక్కుని పిడుదులు లేవని నిర్ధారించుకోవాలి. అందువల్ల ఆ నెలల్లో మేము మోరిస్ దగ్గరున్న గూస్ లేక్ ప్రెయిరీకి వెళ్ళేవాళ్ళం. మొదటిసారి దిగగానే మాస్టారు సరస్సు ఏదని అడిగారు. సరస్సు లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర వ్యవసాయం కోసం దాన్ని ఎండగట్టేశారు, పేరు మాత్రం మిగిలింది. “మా గుంటూరు జిల్లాలోనూ చెరువు పేరున్న కాలనీలు బోలెడున్నాయిలే” అన్నారాయన.

అక్కడున్నది గడ్డి. ఇల్లినాయ్‌కు ప్రెయిరీ రాష్ట్రమని పేరు. ఒకప్పుడు సగానికి పైగా రాష్ట్రాన్ని కప్పిన ఆ గడ్డినేలలో చెడకుండా మిగిలింది ఇప్పుడు వెయ్యోవంతు కూడా లేదు. వేళ్ళు అల్లుకుపోయిన ఆ జిగట నేలకు మట్టి అంటని ఉక్కు నాగలిని జాన్ డీర్ 1837లో ఇల్లినాయ్‌లోనే తయారుచేశాడు, ఆ తరువాత గడ్డి ఎంతో కాలం నిలవలేదు. మేము దారంతా చూసుకుంటూ వచ్చిన మొక్కజొన్న పొలాలు అవే. ఆగస్టు నాటికి బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మాస్టారి తల దాటి పెరిగేది. ముందు నడుస్తున్న ఆయన కనబడకుండా పోయి, గొంతు మాత్రం వినిపించేది. దాని వేళ్ళు మనిషి ఎత్తును మించి లోపలికి దిగుతాయి గనకనే వసంతంలో పార్కువాళ్ళు కావాలని నిప్పు పెట్టి పైనున్నదంతా కాల్చేసినా అది మళ్ళీ లేస్తుంది. నిప్పు పెట్టకపోతే చెట్లూ పొదలూ ఎక్కి గడ్డిని చంపేస్తాయి.

ఆ గడ్డి మధ్య మిల్క్‌వీడ్ ఉండేది. ఆకు తుంచితే పాలు, కాయ పగిలితే దూది. అది జిల్లేడు కుటుంబమని నేను కూడా మాస్టారికంటే ముందే చెప్పగలిగాను. మోనార్క్ సీతాకోకచిలుకలు ఆ ఒక్క జాతి మొక్కల మీదే గుడ్లు పెడతాయి. గొంగళిపురుగు తిన్న చేదు విషమే వాటిని పక్షుల నుంచి కాపాడుతుంది. వేసవి చివర పుట్టిన తరం అక్కడినుంచి ఎగిరి మెక్సికో కొండల దాకా వెళుతుంది. మన జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుకలు వీటికి దాయాదులేనని, అవి మాత్రం పొలిమేర దాటే అవసరం లేక బద్ధకిస్తాయని మాస్టారు తీర్పు చెప్పారు.

*

రెండోసారి వచ్చినప్పుడు మాస్టారు పట్టుబట్టి అక్టోబరులో బయలుదేరారు. చలికాలంలో అమెరికా ఎవరైనా వస్తారా అని కొడుకు వారించినా వినలేదట. ఆ ఏడు మ్యాపుల్ ఆకులు రంగు మారడం నెల మధ్యలో ఒక వారం పాటు ఉధృతంగా సాగింది. ఆకులోని పచ్చదనం విరిగిపోయాక, అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుందని, ఎరుపు మాత్రం ఆ చివరి రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకునేదని ఆయన వివరించారు. రాలబోయే ఆకు అంత కష్టం ఎందుకు పడుతుందని పిన్నిగారు అడిగితే, దాని మీద శాస్త్రజ్ఞులు ఇంకా కొట్టుకుంటున్నారన్నారు.

ఆ శరత్తులో ఆయన మనసంతా పాపా అనే పండు మీద ఉంది. అది సీతాఫలం కుటుంబంలో చలిదేశానికి వెళ్ళి స్థిరపడిన చెట్టు. దక్షిణ ఇల్లినాయ్ అడవుల్లో వాగుల పక్కన పెరుగుతుంది, పండు సెప్టెంబరులో పండుతుంది. ఆయన మొదటిసారి వినాయక చవితికి ఊళ్ళో ఉండాలని ఆగస్టులోనే వెళ్ళిపోయారు. రెండోసారి అక్టోబరులో వచ్చేసరికి కాలం దాటిపోయింది. త్వరగా మెత్తబడి చెడిపోయే పండు కావడంతో అది దుకాణాల్లో కూడా అమ్మేవారు కారు.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఇంటి ముందు కారు దిగుతుంటే ఆకాశంలో గొంతు గరగరలాడించే చప్పుడు వినిపించింది. తలెత్తితే చాలా ఎత్తున శాండ్‌హిల్ కొంగలు గుంపులు గుంపులుగా వలయాలు తిరుగుతూ దక్షిణానికి పోతున్నాయి. కంటికి కనబడకముందే చెవికి చేరే ఆ పిలుపును మాస్టారు పార్కింగులో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా విన్నారు. చుట్టూ జనం సామాన్లు దించుకుంటూ వెళ్ళిపోతున్నారు, ఒక్కరూ పైకి చూడలేదు.

*

చలికాలంలో స్టార్వ్‌డ్ రాక్‌కు వెళ్ళడమంటే ముందు ఒంటి మీద ఎన్ని పొరలు వేసుకోవాలన్న చర్చ. పిన్నిగారు మాస్టారికి పంచె కింద థర్మల్ పాంటు వేయించడానికి ప్రయత్నించి ఓడిపోయి, చివరకు మనవడి స్కీ పాంటు తొడిగించారు. లోయల్లో జలపాతాలు గడ్డకట్టి, రాతిలోని ఖనిజాల వల్ల కొంత పసుపుగా, లోతున్న చోట నీలంగా నిలబడి ఉండేవి. ఫ్రెంచి లోయలోకి వెళ్ళే ఇరుకు సందు పూర్తిగా మంచు కట్టి జారుతుండటంతో బూట్లకు లోహపు చుట్టలు బిగించుకుని, ఒకరి చేయి ఒకరం పట్టుకుని లోపలికి వెళ్ళాం. లోపల ఇద్దరు కుర్రవాళ్ళు గొడ్డళ్ళతో ఆ మంచు తెర మీదికి ఎక్కుతున్నారు. గొడ్డలి దిగిన ప్రతిసారీ లోయంతా మోగింది.

మాస్టారు చూడవచ్చింది బాల్డ్ ఈగిల్ గద్దలను. పార్కు పక్కనే నది మీద ఆనకట్ట, పడవలు దాటే లాకు ఉన్నాయి. నదంతా గడ్డకట్టినా ఆనకట్ట కింద సుడులు తిరిగే నీరు గడ్డకట్టదు, పైనుంచి పడే చేపలు దెబ్బతిని తేలుతుంటాయి. అందువల్ల ఉత్తరాది చలి నుంచి దిగివచ్చిన గద్దలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో నది మధ్యలోని ప్లమ్ ద్వీపం చెట్ల మీద బారులుగా కూర్చుంటాయి. ఆవలి ఒడ్డునున్న సందర్శకుల కేంద్రం నుంచి దుర్భిణిలో చూస్తే ముక్కు పసుపు కూడా తెలుస్తుంది. తల తెల్లబడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి చిన్నవన్నీ మట్టిరంగులోనే ఉంటాయి.

అంత పెద్ద పక్షి నోరు తెరిస్తే వచ్చింది సన్నని ఈల. సినిమాల్లో దాని గొంతుగా వినిపించేది వేరే డేగ అరుపట. పిన్నిగారు నవ్వాపుకోలేకపోయారు. దుర్భిణి తన వంతుగా పట్టుకుని చాలాసేపు చూశాక, గరుత్మంతుడి తల ఎప్పుడు తెల్లబడిందని మాస్టారిని అడిగారు.

ఫిబ్రవరి చివర, రాత్రి నీళ్ళు గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, మా ఊరి దగ్గరి ఫారెస్టు ప్రిజర్వులో మ్యాపుల్ చెట్లకు చిన్న రంధ్రం పెట్టి బకెట్లు తగిలించేవారు. ఆ రసం నీళ్ళలాగే ఉంటుంది, నలభై గాలన్లు కాస్తే ఒక గాలను పాకం. మాస్టారు దాన్ని నాలిక మీద వేసుకుని, ఈతకల్లుతో పోల్చడానికి కూడా పనికిరాదని తేల్చేశారు. ఆ కాగుతున్న పాకం ఆవిరి మాత్రం బెల్లం గానుగ దగ్గరి వాసనేనని పిన్నిగారు ఒప్పుకున్నారు.

*

2007 మే చివరలో ఒక సాయంత్రం పాత చెట్ల కింద నేలంతా వేలు పట్టేంత రంధ్రాలు కనిపించాయి. వానపడి నేల వెచ్చబడగానే, ఎండ వాలాక సికాడాలు వేలకువేలుగా పైకి వచ్చి, చెట్టు మొదళ్ళ మీదికి పాకి, వీపు చీల్చుకుని తెల్లగా బయటపడ్డాయి. తెల్లారేసరికి నల్లబడ్డాయి. ఎర్రని కళ్ళు, నారింజ ఈనెల రెక్కలు. కుట్టవు, కరవవు. పక్షులు, ఉడతలు, కుక్కలు తినగలిగినంత తిన్నాక కూడా ఇంకా లెక్కకు మించి మిగలడమే వాటి రక్షణ. మగవి పగలంతా కలిసి పాడుతుంటే పార్కులో బెంచీ మీద పక్కపక్కన కూర్చుని కూడా అరిచి మాట్లాడుకోవలసి వచ్చేది.

పిన్నిగారు తలమీద కొంగు కప్పుకుని కారులోంచి దిగలేదు. మాస్టారు మాత్రం చొక్కా మీద వాలినవాటిని దులపకుండా తిరిగారు. వాటి తల్లులు 1990లో గుడ్లు పెట్టాయని, అప్పుడు తాను మొదటి సంవత్సరం పిల్లలకు వేరు నిర్మాణం చెబుతూ ఉండివుంటానని అన్నారు. మళ్ళీ 2024లో వస్తాయని నేను లెక్కవేస్తే, “అప్పటికి నేను రాలేనులే, నువ్వు వచ్చి ఏ చెట్టు కింద ఎక్కువున్నాయో చూసి చెప్పు” అని పని అప్పగించారు.

అదే జూన్ చివర, బాల్డ్ ఈగిల్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేసినట్టు పేపర్లో వచ్చింది. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలుచబడి, పొదిగే తల్లి బరువుకే చితికిపోయేవి. 1972లో అమెరికాలో ఆ మందును నిషేధించాక అవి కోలుకోవడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది. మాస్టారు ఆ కాగితాన్ని కత్తిరించి దాచుకున్నారు. తమ ఊళ్ళో పత్తి చేలకు డీడీటీ పొడి చల్లిన చేతులే తనవీ అని మాత్రం అన్నారు. ఆ ఏడాది చివర మేము హైదరాబాదు వచ్చేశాం.

*

2024లో వెళ్ళినప్పుడు చెల్లెలి కూతురిని తీసుకుని స్టార్వ్‌డ్ రాక్‌కు ఒక మామూలు పనిరోజు వెళ్ళాను. శని, ఆదివారాల్లో పార్కింగు నిండిపోయి గేటు మూసేస్తారని చెల్లెలు ముందే చెప్పింది. ఏటా ఇరవై లక్షలకు పైగా వస్తున్నారట. మేము తిరిగిన రోజుల్లో వారం మధ్యలో దారిలో ఎదురయ్యేది పెద్దవాళ్ళూ, కుక్కలను నడిపించేవాళ్ళూ మాత్రమే. ఇప్పుడు హిందీ, పోలిష్, స్పానిష్, తెలుగు అన్నీ వినబడ్డాయి. అది నాకు బాగానే అనిపించింది. బాగా అనిపించనిది, ఒక లోయ గోడ మీద ఎవరో తాళంచెవితో చెక్కిన రెండు పేర్లు, చక్కని తెలుగు అక్షరాల్లో. మెత్తని రాయి గనక లోతుగా దిగాయి. అన్ని భాషలవాళ్ళూ చెక్కారు, మనవాళ్ళు ఆ వరసలో చేరారు. ఒత్తులు కూడా తప్పులేకుండా పెట్టారు.

చెల్లెలి కూతురు ఫోను చూసి దారి చెబుతుంటే నేను చెట్ల మీద చుక్కలు వెతుక్కున్నాను. ఉన్నాయి. దారి పక్కన పాయిజన్ ఐవీ కూడా ఉంది. నల్లజీడి కథ, చాకలి గుర్తు కథ చెప్పాను. చాకలి గుర్తు అంటే ఏమిటో వివరించడానికే చాలా దూరం పట్టింది.

పిన్నిగారు కొన్నేళ్ళ క్రితం పోయారు. ఆవిడ రామకోటి పుస్తకాలను మాస్టారు భద్రాచలంలో సమర్పించి వచ్చారు. ఆయన ఇప్పుడు గుంటూరులో పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు, చెవి బాగా మందగించింది. నేపర్‌విల్ నుంచి ఆయనకు ఫోను చేసి, ఓక్ చెట్టు మొదలుకు ఫోను ఆనించి సికాడాల హోరు వినిపించబోయాను. “గీ అని ఏదో వస్తోందమ్మా, అది పురుగో నా చెవో తెలియడం లేదు” అన్నారు. ఏ చెట్ల కింద ఎక్కువున్నాయని గుర్తుగా అడిగారు. ఓక్, ఆష్ అన్నాను. ఆష్ చెట్లన్నీ ఏదో పురుగు పట్టి చచ్చాయని చదివానే, ఇంకా మిగిలాయా అన్నారు. మిగిలినవి కొన్నే, మందు వేసి కాపాడుకున్నవేనని మరిది చెబితే అదే ఆయనకు అరిచి చెప్పాను. తరువాత పాపా పండు తిన్నావా అని అడిగారు. ఇది జూన్ కదా మాస్టారూ అన్నాను.

“అయితే ఈసారి సెప్టెంబరుకు పో. పార్కులో కోయనివ్వరు, ఎవరి పెరట్లోనైనా ఉందేమో మీ చెల్లెల్ని కనుక్కుని ఉంచమను. చెట్టు మీది కాయ కోయించకు, దానంతట అది రాలినదే తినాలి. గింజ మాత్రం కొరకవద్దు” అన్నారు. రుచి సీతాఫలానికి దగ్గరా, అరటిపండుకు దగ్గరా అన్నది ఉత్తరంలో రాయమన్నారు, ఫోనులో తనకు సరిగా వినపడదు గనక.